దోన్ ప్లాసిదో

మంగళవారం రాత్రి ఎనిమిదింటికి
ట్రాలీ బస్సుల షెడ్డులో చేతుల గ్రీజు కడుక్కుని
కొండెక్కి వస్తాను ఫైర్ స్టేషనుకి.
జీతం లేదిక్కడ. నెలనెలా చందా మేమే కడతాం,
మంటల్లోకి వెళ్ళనిచ్చినందుకు.
వాల్పరైసోలో ఇదే రివాజు. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

మిల్యరాయ్ అప్పటికే విజిల్ మెళ్ళో వేసుకుని
గుమ్మంలో నిలబడి ఉంటుంది.
ఇరవయ్యారేళ్ళ పిల్ల. మాకు ఒళ్ళు వంచడం నేర్పే పంతులమ్మ.
"నోల్బెర్తో గారూ, నడుముతో కాదు, తొడలతో లేపండి."
పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నడుముతోనే లేపాను అన్నీ:
బస్సు చక్రాలు, గ్యాసు బండలు,
తాగి పడిపోయిన బావమరిదిని.

ముందు బస్కీలు.
తర్వాత భుజాన ఇసక మూట, వీపున గాలి సిలిండరు,
స్టేషను వెనక మెట్లు. నూట అరవై ఒకటి.
ఎనభయ్యో మెట్టు దగ్గర నా ఎడమ మోకాలు
తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంటుంది.
వీధి కుక్కొకటి నాకన్నా ముందెక్కేసి
వెనక్కి తిరిగి జాలిగా చూస్తుంది.

చివర్లో దోన్ ప్లాసిదో.
పాత హోసు గొట్టాలు కోసి కుట్టిన మనిషి,
కడుపు నిండా ఇసక, ఎనభై కిలోలు.
మొహం లేదు; ఎవరో బొగ్గుతో మీసం గీశారు.
చంకల కింద చేతులు దూర్చి ఈడ్వాలి,
ఎత్తాలి, భుజాన వేసుకుని దిగాలి.
మంచివాడు. ఏమీ అడగడు.
పడేస్తే పడతాడు.

ఒకసారి ఉడుకుమోత్తనంతో అన్నాను:
ఈ కండలన్నీ దేనికమ్మా, అద్దంలో చూసుకోడానికా?
పిల్ల నవ్వలేదు.
"మొదటి అంతస్తులోనే ఊపిరి అయిపోయినవాడు
మూడో అంతస్తులో మేం మోయాల్సిన మనిషవుతాడు."
మళ్ళీ విజిల్ ఊదింది.

ఫిబ్రవరిలో దక్షిణపు గాలి
రెండ్రోజులు ఆగకుండా కొట్టింది.
లోయలో చెత్త అంటుకుంది, ఆపైన యూకలిప్టస్ చెట్లు,
ఆపైన రేకుల ఇళ్ళు,
ఒకదాని చెవిలో ఒకటి కబురు చెప్పుకున్నట్టు.
రోడ్డు అయిపోయిన చోట బండి ఆగిపోయింది.
ఇక మెట్లే.

ఎర్మెలిందా గారు మంచం మీద కూర్చుని ఉంది
బూట్లు తొడుక్కుని, కోటుకి గుండీలన్నీ పెట్టుకుని,
ఎవరో పెళ్ళికి తీసుకెళ్తామన్నట్టు.
నలభై కిలోలుంటుందేమో, దోన్ ప్లాసిదోలో సగం.
తేలికే అనుకున్నాను.

బొమ్మ మెడ పట్టుకోదు. ఈవిడ పట్టుకుంది.
రెండు చేతులా బిగించేసరికి
నా ఊపిరి సగం అక్కడే పోయింది.
తుంటి నొప్పని వీపు మీద గుద్దింది.
మెల్లగా అంది, తొందరగా అంది,
ఎప్పుడో చచ్చిపోయిన కుక్కని పేరు పెట్టి పిలిచింది.
తొడలతో, తొడలతో, అనుకుంటూ
మెట్లు లెక్కపెడుతున్నాను నేను.
అరవై దగ్గర లెక్క తప్పింది.
అప్పుడే చెవిలో అడిగింది:
"తలుపు తాళం వేశావా నాయనా?"

పైన ఎక్కడో రేకు పేలిన చప్పుడు.
ఎవరిదో చూడ్డానికి తల తిప్పలేదు.
వేశానమ్మా, అన్నాను.
మెడ మీద ఆ చేతులు కాస్త సడలాయి.
ఆ కాస్త గాలితోనే
మిగతా మెట్లు దిగాను.

తర్వాతి మంగళవారం సూదీ దారం పట్టుకెళ్ళాను.
దోన్ ప్లాసిదోకి చేతులు సరిగ్గా లేవు అంటే
మిల్యరాయ్ చాలాసేపు నావైపు చూసి
పాత తాడు తెచ్చిచ్చింది.
ఇద్దరం నేల మీద కూర్చుని కుట్టాం,
ఎత్తినవాడి మెడకి బిగిసేలా.

ఇప్పుడాయన అందరి గొంతూ నులుముతున్నాడు.
కుర్రాళ్ళు నన్ను తిట్టిపోస్తున్నారు.
మోకాలు అలాగే ఉంది. కుక్క అలాగే చూస్తుంది.
అరవయ్యో మెట్టు దాటేటప్పుడు మాత్రం
ఎవరూ అడక్కపోయినా
మాస్కు లోపల అంటాను,
వేశానమ్మా.